తొర్ర దగ్గర కాపలా

ఆగస్టు. డోరిగో కొండ మీద చలి
మోకాళ్ళలోంచి మొదలవుతుంది.
ఐదుంబావుకి పొద్దు వాలాక
అరగంట, అంతే మాకున్న టైము.
ఆ అరగంటా
చెట్టుకొక మనిషి చొప్పున
మెడ వెనక్కి వాల్చి
ఒకే ఒక్క తొర్ర వంక చూస్తూ నిలబడాలి.

ముక్కు తుడుచుకోవద్దని కాదు,
తుడుచుకున్న క్షణంలోనే అది వెళ్ళిపోతుందని
ఆల్విన్ ముందే చెప్పాడు.

ఈ అడవిలో ఆ జంతువు ఉందని అందరికీ తెలుసు.
నరకడానికొచ్చే కంపెనీకీ తెలుసు.
ఉంటే చాలదు కాగితానికి.
ఫలానా చెట్టు, ఫలానా తొర్ర,
అందులోంచి వస్తుండగానో పోతుండగానో
ఒక మనిషి చూసి, కెమెరాకి చూపించాలి.
అప్పుడు ఆ చెట్టు చుట్టూ ఒక సున్నా గీస్తారు.
సున్నా లోపలికి రంపం రాదు.
సున్నా బయట, సోమవారం.

పగలు నేను కాఫ్స్ హార్బర్‌లో
ఊరివాళ్ళ టాక్స్ కాగితాలు నింపుతాను.
రసీదు లేని ఖర్చు ఖర్చే కాదని
రోజుకి ఇరవైమందికి చెప్పే నోరు నాది.
శుక్రవారం మధ్యాహ్నమే ఆఫీసుకి తాళం వేసి
ఇంత దూరం వచ్చి
అదే మాట నేను వినాల్సొచ్చింది.

ఆల్విన్‌కి డెబ్బై ఆరు.
ఎడమ చేతికి రెండు వేళ్ళు లేవు.
నలభై ఏళ్ళు రంపం పట్టినవాడు,
చీకట్లో బెరడు మీద అరచెయ్యి ఆనించి
ఇది టాలోవుడ్, ఇది బ్లాక్‌బట్ అని
పాత బాకీదార్లని గుర్తుపట్టినట్టు చెప్తాడు.

"ఇలాంటివి ఎన్ని పడగొట్టావు?" అంది టామ్సిన్.
పందొమ్మిదేళ్ళ పిల్ల, మాట నానబెట్టడం తెలియదు.
అతను ఫ్లాస్కు మూత తిప్పాడు,
తిరిగి బిగించాడు, టీ పోసుకోలేదు.
"ఒకటి పడ్డప్పుడు
లోపల్నించి బూడిదరంగు బొచ్చుముద్ద బయటికొచ్చి
పట్టపగలు ఎటు పోవాలో తెలియక
నా బూటు మీదికెక్కి కూర్చుంది.
నా దగ్గరున్న లెక్క అదొక్కటే."

తర్వాత నా వైపు తిరిగి
మీ భాషలో దీన్నేమంటారని అడిగాడు.
ఏమీ అనం.
ఎగిరే ఉడత అందామంటే ఉడత కాదు,
గబ్బిలం అసలే కాదు.
పొట్టకి సంచీ, ఒంటికన్నా పొడుగు తోక,
మోచేతి నించి మడమ దాకా సొంత చర్మాన్నే
దుప్పటిలా పరిచి
ఒక చెట్టు మీంచి ఇంకో చెట్టుకి
గాలికి కూడా చెప్పకుండా జారిపోయేది
మా నిఘంటువులో ఎప్పుడూ వాలలేదు.

ఐదూ నలభై ఒకటి.
తొర్ర అంచు ఒక పక్క కాస్త లావెక్కింది.
లావెక్కిన చోట చెవులు మొలిచాయి.
గుండెలోది గొంతులోకొచ్చింది.
అది నింపాదిగా, నిద్ర లేచినవాళ్ళు
గుమ్మంలో ఒళ్ళు విరుచుకున్నట్టు
సగం బయటికొచ్చి ఆగి
కిందికి చూసింది. నన్నే అనుకుంటాను.
నూట యాభై ఏళ్ళు పట్టిందట ఆ గుమ్మం తయారవడానికి.

దూకింది.
ఆకాశంలో ఒక చదరపు ముక్క
కాసేపు నల్లగా కదిలింది.
అది వాలిన చప్పుడు వినిపించాక
నా చేతిలో కెమెరా ఉందని గుర్తొచ్చింది.

"తీశావా?" టామ్సిన్ పరుగెత్తుకొచ్చింది.
నోరు తెరిచే ఉంది గానీ
మాట రాలేదు నాకు.
ఆ పిల్ల ఏదో అనబోయి
నా మొహం చూసి మానుకుంది.

కారు దాకా ముగ్గురం ఒకరి వెనక ఒకరం నడిచాం.
టార్చి వెలుతురులో
మానుల మీద కొట్టిన రంగు గుర్తులు
ఒకటి తర్వాత ఒకటి మా మీదికొచ్చి తప్పుకున్నాయి.
"నువ్వు చూశావుగా" అన్నాడు ఆల్విన్, తలుపు తీస్తూ.
చూశాను.
"నేనూ అంతే, ఆ రోజు. ఎవరికి చెప్పినా
పనిలోకి రా అన్నారు."

రేపు శనివారం.
ఐదింటికే వచ్చి నిలబడాలి.
రెండో బ్యాటరీ, ఉన్ని టోపీ.
కెమెరాని మణికట్టుకి కట్టుకోవాలి.
ఫారంలో ఆ గడి ఖాళీగానే ఉంచాను,
పెన్సిల్‌తో మాత్రం
పక్కన చిన్నగా రాసుకున్నాను:
నన్ను చూసింది.